కోయినా ఆనకట్టకు పడిన బీట

1967వ సంవత్సరం డిసెంబరు 11వ తేదీ. తెల్లవారడానికి ఇంకా రెండు గంటలు ఉన్నది. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో భూమి కంపించింది. కోయినానగరంలో ఇళ్ళు చాలావరకు కూలిపోయినవి. సుమారు 180 మంది ప్రాణాలు కోల్పోయినారు. ఆ కుదుపు పుణె, బొంబాయి నగరాల దాకా తెలిసింది. ఆ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో పెద్దవారికి ఆనాటి సంగతి ఇంకా జ్ఞాపకం ఉండవచ్చును.

ఆ ఊరికి ఆనుకొనే కోయినా ఆనకట్ట ఉన్నది. దాని ఎత్తు 103 మీటర్లు. వెనుక విశాలమైన జలాశయం. ఈ కోయినా కరాడ్ వద్ద కృష్ణలో కలుస్తుంది. (ఇప్పుడు ఆ నీటిలో ఎక్కువ భాగాన్ని విద్యుత్తు కోసం పడమటి కనుమలు దాటిస్తున్నారు, అది వేరే కథ.) ఆనకట్టే తెగిపోయి ఉంటే దిగువ లోయలోని ఊళ్ళ గతి ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. అదృష్టవశాత్తు ఆనకట్ట నిలిచింది. కాని తెల్లవారి ఇంజనీర్లు పోయి చూసేసరికి, అలుగు లేని ఎత్తైన భాగాలలో అడ్డంగా బీటలు కనిపించినవి. ఎగువ ముఖం మీదా ఉన్నవి, దిగువ ముఖం మీదా ఉన్నవి. విశేషమేమంటే అవి ఎక్కడంటే అక్కడ పడలేదు. ఇంచుమించు అన్నీ ఒకే మట్టాన, అంటే ఆనకట్ట దిగువ వాలు హఠాత్తుగా మారే చోట, మనిషికి మెడ ఉండే స్థానంలో పడినవి.

ఈ మెడ సంగతి కొంచెం చెప్పాలి. మొదట ఆ కట్టడాన్ని రెండు దశలలో పూర్తి చేయాలనుకున్నారు. కట్టడం సాగుతూ ఉండగా మనసు మార్చుకొని, ఒకేసారి పూర్తి ఎత్తుకు లేపారు. అందువల్ల పైభాగం మామూలు ఆనకట్టల కంటె బరువుగాను, వాలు ఒక్కచోట మలుపు తిరిగినట్టుగాను తయారైంది. అయినా ఇంజనీర్లు లెక్క చూడకుండా కట్టలేదు. ఆ కాలపు పద్ధతి ప్రకారం, భూకంపం వస్తే ఆనకట్ట బరువులో నూటికి 5 వంతుల బలం దానిని పక్కకు తోస్తుందని అనుకొని లెక్క కట్టారు. ఆ లెక్క ప్రకారం మెడ దగ్గర భయపడవలసినది ఏమీ లేదు.

అయితే లెక్కలో లోపం ఎక్కడ ఉన్నది? కూడికలో కాదు, తీసివేతలో కాదు. ఊహలో ఉన్నది. పాదం నుంచి శిఖరం దాకా ఆనకట్ట అంతా ఒకే తీరుగా కదులుతుందని ఆ పద్ధతి అనుకుంటుంది. గాలికి ఊగే కొబ్బరిచెట్టును చూసిన వారెవరైనా ఈ మాట ఒప్పుకోరు. మొదలు కదలదు, తల ఊగిపోతుంది. అంత లావుపాటి కాంక్రీటు గోడ అయినా కుదుపు తగిలితే తలభాగంలోనే ఎక్కువ ఊగుతుంది. ఆ ఊపుకు బరువైన తల ఇటూ అటూ వాలేటప్పుడు మెడ మీద ఒక పక్క నొక్కుడు, రెండో పక్క లాగుడు పడతవి. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది. లాగుడుకు మాత్రం, నొక్కుడుకు ఓర్చేదానిలో పదో వంతు కూడా ఓర్వలేకపోవచ్చును.

ఆ రోజున ఒక మంచి పని జరిగింది. ఆనకట్టలోనే అమర్చి ఉంచిన ఒక యంత్రం భూమి కదలికను క్షణక్షణమూ గీసి పెట్టింది. నది పారే దిశలో ఆ కదలిక తీవ్రత, కింద పడే వస్తువు పొందే త్వరణంలో సుమారు సగం దాకా పోయింది. నూటికి 5 వంతులు ఎక్కడ, సగం ఎక్కడ! అది రెప్పపాటు కాలం ఉండే పోటు మాత్రమే కాబట్టి ఆనకట్ట పడిపోలేదు. ఒక పెద్ద ఆనకట్ట, దాని పాదం దగ్గరే నమోదైన భూకంపం, దానివల్ల పడిన బీటల కొలతలు, ఈ మూడూ కలిసి దొరకడం ప్రపంచంలోనే బహు అరుదు. అందుకే కోయినా పేరు దేశదేశాల ఇంజనీర్ల నోట పడింది.

ఇక కంప్యూటరు మాటకు వద్దాము. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో అనిల్ చోప్రా, చక్రవర్తి అనే ఇద్దరు పరిశోధకులు ఆ యంత్రం గీసిన రేఖను తీసుకొని, కంప్యూటరులో కోయినా ఆనకట్టను ఊపి చూసినారు. 1973లో ఫలితాలు ప్రకటించినారు. ఈ పని ఎట్లా చేస్తారంటే, మన ఇళ్ళ ముందు వేసే చుక్కల ముగ్గును తలచుకోండి. ఆనకట్టను అడ్డంగా కోసినట్టు బొమ్మ గీసి, దాని నిండా చుక్కలు పెట్టి, చుక్కలను గీతలతో కలుపుతారు. చిన్నచిన్న గళ్ళు ఏర్పడతవి. ఒక్కొక్క గడి ఎంత లాగితే ఎంత సాగుతుందో తేలికగా లెక్క కట్టవచ్చు. పక్కపక్క గళ్ళు ఒకదాని చేయి ఒకటి వదలకూడదు అన్న నియమం పెట్టి, వేల సమీకరణాలను కంప్యూటరుకు అప్పగిస్తారు. ఈ పద్ధతికి 1960లో పేరు పెట్టినవాడు అదే బర్క్‌లీలోని ఆచార్యుడు రే క్లఫ్. ఆ పేరు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి.

లెక్క ఏమని చెప్పింది? మెడ దగ్గరే కాంక్రీటు ఓర్చుకోగలిగిన దానికంటె ఎక్కువ లాగుడు వస్తుందని చెప్పింది. నిజంగా బీటలు పడినదీ అక్కడే. పాత పద్ధతి చూడలేని దానిని కొత్త పద్ధతి చూసింది.

ఇక్కడికి కథ ముగిసినట్టే కనిపిస్తుంది. కంప్యూటరు ఇంత చక్కగా చెప్పగలిగితే, కోట్లు ఖర్చు పెట్టి ప్రయోగశాలలు ఎందుకు అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. చదువుకున్నవారే అడుగుతున్నారు. కాని ఆ 1973 నాటి లెక్కలో ఒక మాట ముందే ఒప్పుకొని మొదలుపెట్టారు: కాంక్రీటు ఎంత లాగినా బీటలు వారదు అని! లాగుడు హద్దు దాటిందని ఆ లెక్క చెబుతుంది. దాటిన తరువాత ఏమవుతుంది? బీట ఎంత లోపలికి పోతుంది? పైభాగం దొర్లి పడుతుందా, నిలుస్తుందా? దిగువ ఊళ్ళవారికి కావలసిన జవాబు ఇదే. ఆ లెక్క ఇక్కడ నోరు మూసుకుంటుంది.

అప్పుడు ఎవరు ప్రయోగశాలకు నడిచారో చూడండి. ఆ పద్ధతికి పేరు పెట్టిన క్లఫ్ గారే! బర్క్‌లీలో భూమి కదలినట్టు కదిలే ఒక పెద్ద వేదిక ఉన్నది. నివా అనే సహచరునితో కలిసి, కోయినా ఆనకట్టకు 150వ వంతు నమూనా చేసి, దాని మీద ఊపి చూసినారు. 1980లో ఆ నివేదిక వచ్చింది. నమూనాకు కూడా మెడ దగ్గరే బీట పడింది. కంప్యూటరు శక్తిని చూసి మురిసిపోయి, అసలు కట్టడం ఎట్లా ప్రవర్తిస్తుందో చూడడం మానుకుంటున్నారని క్లఫ్ ఆ రోజులలోనే దిగులుపడినాడు.

అయితే ప్రయోగం చెప్పినదంతా వేదవాక్కు అనుకోవడం కూడా పొరపాటే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. నిజమే, అది అదే కుండలోని మెతుకు గనుక. నమూనా అట్లా కాదు. 103 మీటర్ల ఆనకట్టను 150వ వంతుకు కుదిస్తే 70 సెంటీమీటర్లు కూడా ఉండదు. అదే కాంక్రీటుతో దానిని పోస్తే, దాని బరువుతో పోల్చి చూసినప్పుడు అసలు ఆనకట్ట కంటె 150 రెట్లు గట్టిదై కూర్చుంటుంది. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయగలగడం, ఏనుగు మోయలేకపోవడం ఇందుకే. అందుచేత నమూనాకు మామూలు కాంక్రీటు పనికిరాదు. బరువు తగ్గకూడదు, బలం మాత్రం ఎన్నో రెట్లు తగ్గాలి. అటువంటి ముద్దను తయారు చేయడమే ఒక విద్య. కాలం కూడా కుదించుకుపోతుంది. 150కి వర్గమూలం 12 పైచిలుకు కాబట్టి, 10 సెకండ్ల భూకంపాన్ని నమూనా మీద ఒక సెకండు లోపలే నడిపించాలి. ఇన్ని సర్దుబాట్లు చేసిన నమూనా ఏమి చెప్పినా, అందులో అసలు ఆనకట్ట మాట ఎంత, మన సర్దుబాట్ల మాట ఎంత అని విడదీయడానికి మళ్ళీ లెక్క కావాలి. ముందు ఆ చిన్న నమూనానే కంప్యూటరులో పెట్టి ఊపుతారు. రెండూ సరిపోలితే, ఆ లెక్కను నమ్మి పెద్ద ఆనకట్ట వైపు అడుగు వేస్తారు.

ఈ రాకపోకలు షోలాపురంలో దుప్పట్లు నేసే మనవాళ్ళకు కొత్త కాదు. గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి పువ్వు గీస్తారు. ఎన్ని పోగులు, ఏ రంగు, అంతా కాగితం మీదనే తేలుతుంది. అయినా మగ్గం మీద జానెడు నేసి చూస్తే గాని నమ్మరు. తప్పు కనిపిస్తే మళ్ళీ కాగితం దగ్గరకే వస్తారు.

కాగితాన్ని మాత్రమే నమ్మితే ఏమవుతుందో నార్వేలో తెలిసింది. ఉత్తర సముద్రంలో చమురు, సహజవాయువు తీయడానికి స్లైప్నర్ ఏ అనే బ్రహ్మాండమైన కాంక్రీటు కట్టడాన్ని స్టవాంగర్ దగ్గర సముద్రపు పాయలో కట్టారు. 1991 ఆగస్టు 23న పరీక్ష కోసం దానిని నీటిలోకి దింపుతూ ఉండగా, సుమారు 65 మీటర్ల లోతున ఒక గోడ పగిలి, కట్టడమంతా మునిగి, అడుగున నుగ్గునుగ్గు అయింది. ఆ దెబ్బ భూకంపమాపకాల మీద కూడా నమోదైంది. ప్రాణనష్టం లేదు, ధననష్టం మాత్రం 70 కోట్ల డాలర్లు అన్నారు. కారణం వెదికితే, గదుల గోడలు కలిసే మూలలో చుక్కలు మరీ దూరదూరంగా పెట్టి లెక్క కట్టారని తేలింది. అక్కడి కోత బలాన్ని కంప్యూటరు 47 శాతం తక్కువగా చెప్పింది. పైగా ఆ మూలలో ఇనుప కమ్ముల అమరిక కూడా చాలలేదు. తరువాత ముగ్గు దగ్గరగా వేసి జాగ్రత్తగా లెక్క కడితే 62 మీటర్ల లోతున పగలాలని వచ్చింది! పద్ధతి అదే, జవాబు ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. అటువంటి మూలను ఒక్కదానిని ముందే పోసి, విరిచి చూసి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

మళ్ళీ మన ఆనకట్ట దగ్గరకు వద్దాము. బీట ఎంత దూరం పాకుతుందో కంప్యూటరు చెప్పాలంటే, కాంక్రీటును చీల్చడానికి ఎంత శక్తి కావాలో దానికి ముందు మనం చెప్పాలి. ఆ సంఖ్య ఏ సూత్రం నుంచీ ఊడిపడదు. గాటు పెట్టిన కాంక్రీటు దిమ్మలను ప్రయోగశాలలో మెల్లగా చీల్చి కొలవాలి. ఆనకట్ట కాంక్రీటులో పిడికిలి కంటె పెద్ద రాళ్ళు కూడా ఉంటవి గనుక దిమ్మ కూడా పెద్దదిగానే ఉండాలి. అట్లా కొలిచిన సంఖ్యలతో బీటలు వారే కాంక్రీటును కంప్యూటరులో నడిపించడం ఇప్పుడు మామూలు అయింది. ఆ లెక్కల పుటం పెట్టడానికి అందరూ వాడేది కోయినానే. అబాకస్ అనే పేరున్న ప్రసిద్ధ కంప్యూటరు ప్రోగ్రాము పుస్తకంలో కోయినా ఆనకట్ట ఒక ఉదాహరణ పాఠం. మన పిల్లలు ఏ దేశంలో ఇంజనీరింగు చదివినా, ఆ పాఠం వారికి ఎదురు కావచ్చును.

పిల్లల మాట వచ్చింది గనుక ఒక సంగతి. ప్రయోగశాలలో దిమ్మ పగలకముందే రికార్డు పుస్తకంలో జవాబు రాసి, పక్కవాడి అంకెలు ఎక్కించుకొనే అలవాటు మన కళాశాలలలో ఉన్నది. కంప్యూటరు దగ్గర కూర్చోవడం హుందాగాను, సిమెంటు దుమ్ములో నిలబడడం చిన్నతనంగాను తోస్తున్నట్టున్నది. రెండు దిమ్మలు ఒకే బట్టీలోవి అయినా ఒకే బరువుకు ఎందుకు పగలవో కళ్ళారా చూడని పిల్లవాడు, కంప్యూటరు దశాంశ బిందువు తరువాత ఆరు అంకెలు చూపితే ఆరూ నమ్ముతాడు.

కోయినా ఆనకట్ట బీటలను అప్పట్లో పూడ్చినారు. ఎత్తైన భాగాలకు దిగువ పక్క కాంక్రీటు ఊతగోడలు కట్టి బలపరిచినారు. ఆ పరిసరాలలో భూమి అదరడం మాత్రం ఆగలేదు. చిన్నవి, ఒక మాదిరివి వస్తూనే ఉన్నవి. జలాశయం నిండడం వల్లనే అక్కడ భూకంపాలు పుడుతున్నాయని శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అభిప్రాయం.

ఇక్కడ కంప్యూటరుకూ, ఊగే వేదికకూ సమానంగా ఒక లోటు ఉన్నది. రెండూ మనం ఇచ్చిన కుదుపుతోనే ఊగుతవి. రాబోయే కుదుపు ఎట్లా ఉంటుందో వాటిలో ఏదీ చెప్పదు. దానికి భూమినే అడగాలి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా కోయినా అదురులను లెక్కిస్తూ వస్తున్నారు. కరాడ్‌లో ఇందుకోసం కేంద్రప్రభుత్వం ఒక ప్రయోగశాల నెలకొల్పింది. కోయినా పక్కన గోఠణే గ్రామం దగ్గర 3 కిలోమీటర్ల లోతున ఒక బావిని తొలిచి, 2017లో పూర్తి చేసినారు. అంత లోతున రాయి ఎంత వేడిగా ఉన్నదో, ఎంత ఒత్తిడిలో ఉన్నదో, నీరు ఏ సందులలో తిరుగుతున్నదో కొలవడానికి ఆ బావి పనికివస్తున్నది.