బండి ‘నడిపి చూస్తా’నంటే తాళం చెవి ఇచ్చేదెలా?

మైలవరం: మామిడికాయ కొనేవాడు ముచ్చిక దగ్గర వాసన చూడందే బేరం తెగనివ్వడు. పాత మోటారు సైకిలు కొనేవాడు ఒక చుట్టు నడిపి చూడనిదే జేబులో చెయ్యి పెట్టడు. రెండూ న్యాయమే. అయితే వాసన చూసిన కాయ తిరిగి గంపలోకి వస్తుంది. బండి ఎక్కినవాడు తిరిగి వస్తాడన్న హామీ మాత్రం అమ్మేవాడి చేతిలో లేదు. వచ్చినా బండి చెక్కుచెదరకుండా వస్తుందన్న హామీ అంతకన్నా లేదు.

మైలవరం, నూజివీడు, రెడ్డిగూడెం, విస్సన్నపేట ప్రాంతాల్లో మోటారు సైకిలు షోకు వస్తువు కాదు. తోటకు మందు డబ్బాలు మోసేది అదే. కాపలాకు వెళ్లేదీ, నున్న మార్కెట్లో ధర కనుక్కోవడానికి పరుగెత్తేదీ దాని మీదే. కాపు దెబ్బతిన్న ఏడు పెట్టుబడికో, పిల్లల ఫీజులకో ముందుగా అమ్మకానికి వచ్చేదీ అదే. అవసరం కొద్దీ అమ్ముకునే బండి ఒక్క చుట్టులో చేజారితే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

రాజ్‌దూత్, ఎజ్డీ, బుల్లెట్ బండ్ల రోజుల్లో ఎవరి బండి ఎవరు కొన్నదీ ఊరందరికీ తెలిసేది. తెలిసిన మెకానిక్కు మధ్యన నిలబడేవాడు. ఇప్పుడు సెల్‌ఫోనులో ఫొటో పెడితే సాయంత్రానికల్లా ముక్కూ మొహం తెలియనివారు గుమ్మంలో ఉంటున్నారు. నంబరు ప్లేటు చూసి జిల్లా చెప్పే వీలు కూడా తగ్గింది. ఒకప్పుడు విజయవాడ వైపు బండ్లకు ఏపీ 16 ఉండేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వరుస మొదలైంది. నడిపి చూస్తానని బండి ఎక్కి ఉడాయించిన కేసులు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో పలుమార్లు నమోదయ్యాయి. ప్రకటన చూసి వచ్చే కొత్తవారికి పల్లె, పట్నం తేడా లేదు కనుక ఇక్కడివారూ జాగ్రత్తపడక తప్పదు.

మొహమాటమే అసలు చిక్కు

“బాబాయ్, అలా సెంటరు దాకా వెళ్లొస్తా” అని కుర్రవాడు చెయ్యి చాపితే, “నీ లైసెన్సు చూపించు తమ్ముడూ” అనడానికి చాలామందికి నోరు రాదు. వచ్చినవాడు ఫలానా వారి బంధువునని ఒక మాట వేస్తే ఆ కాస్త ధైర్యమూ పోతుంది. అనుమానించినట్లు అనుకుంటాడేమో, బేరం చెడుతుందేమో అన్న సంకోచంతోనే తాళం చెవి చేతులు మారుతుంది.

దీనికి తేలిక విరుగుడు ఉంది. అడగవలసింది గుమ్మంలో కాక ముందుగా ఫోనులోనే చెప్పాలి. “లైసెన్సు, హెల్మెట్ తెచ్చుకోండి. ధర మాట్లాడుకున్నాకే బండి నడపడం” అని వచ్చే ప్రతివారికీ ఒకే మాట చెబితే అది అనుమానం కాదు, పద్ధతి అవుతుంది. నిజంగా కొనదలచినవాడు దీనికి నొచ్చుకోడు. చిరాకు పడి ఫోను పెట్టేసేవాడి బేరం పోయినా విచారించనక్కరలేదు.

బయానా లెక్క

ఈ ప్రాంతపు రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పూత మీద తోట మాట్లాడుకునే వ్యాపారి బయానా ఇవ్వనిదే ఏ రైతూ తోట అప్పగించడు. బండికీ అదే లెక్క. ముందు నిలబెట్టి చూసుకోనిచ్చి ధర కుదుర్చుకోవాలి. నడిపి చూశాక చెప్పినట్లే ఉంటే ఆ ధర ఖాయమని అనుకోవాలి. ఆ సొమ్ము, లేదా అందులో గట్టి భాగం, నడిపినంతసేపూ అమ్మేవాడి దగ్గర ఉండాలి. నచ్చకపోతే పూర్తిగా తిరిగి ఇస్తామని, కింద పడేస్తే మరమ్మతు ఖర్చు కొనేవాడిదేనని ఒక కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ భరోసా. సొమ్ము తేలేనివారికి అమ్మేవాడే నడుపుతూ, వెనుక కూర్చోబెట్టుకుని చూపించవచ్చు.

డబ్బుకు బదులు స్నేహితుణ్ణో, పాత బండినో, సెల్‌ఫోనునో ఉంచి వెళతామంటే ఒప్పుకోరాదు. ఉంచిన బండి దొంగ బండి కావచ్చు. ఆ స్నేహితుడు కాసేపటికి తనకేమీ తెలియదనవచ్చు. రిజిస్ట్రేషను కాగితం ఇంట్లోనే ఉంచాలి. రెండో తాళం చెవి కూడా అంతే. దొంగతనానికి బీమా సొమ్ము కోరినప్పుడు కంపెనీలు రెండు తాళం చెవులూ అడుగుతాయి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న బండి పోతే పైసా రాదు. ట్యాంకులో పెట్రోలు కొద్దిగా ఉంచడం కూడా మంచిదే.

ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత?

బండి పోవడం కన్నా పెద్ద ముప్పు మరొకటి ఉంది. నడిపి చూసేవాడు దారిన పోయేవారిని గుద్దితే ఆ సమయానికి యజమాని అమ్మేవాడే. 1988 మోటారు వాహనాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనివారికి బండి ఇవ్వడం యజమాని తప్పు. 2019 సెప్టెంబరు 1 నుంచి దీనికి రూ.5,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేక రెండూ పడవచ్చు. నడిపినవాడు మైనరు అయితే యజమానికి రూ.25,000 జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే ప్రమాదం ఉంది. లైసెన్సు లేనివాడు ప్రమాదం చేసినప్పుడు బీమా కంపెనీ బాధితులకు సొమ్ము చెల్లించి, తిరిగి యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. బీమా గడువు తీరిన బండి అయితే ఆ భారం మొదటి నుంచే యజమాని మీద పడుతుంది.

కనుక లైసెన్సు చూడటమంటే పేరు చూడటం కాదు. ఫొటోలో ఉన్న మనిషీ ఎదుట ఉన్న మనిషీ ఒకరేనా, గడువు ఉన్నదా, గేర్లున్న మోటారు సైకిలుకు ఇచ్చినదేనా అన్నవి చూడాలి. దాని ఫొటో తీసుకుని, చెప్పిన ఫోను నంబరుకు అక్కడే ఒకసారి రింగు ఇస్తే నంబరు నిజమో కాదో తేలిపోతుంది.

ఏ దారిలో నడపాలి?

ఊరి మధ్యగా వెళ్లే ఇబ్రహీంపట్నం – తిరువూరు రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారిలో భాగం. లారీలు తిరిగే ఆ దారిలో కొత్త చేతికి పాత బండి ఇవ్వరాదు. పగటిపూట, రద్దీ లేని పక్క రోడ్డు మీద ఎక్కడిదాకా వెళ్లి ఎక్కడ తిరగాలో ముందే చెప్పాలి. తెలిసినవారు మరో బండి మీద వెంట వెళితే ఇంకా మంచిది.

బండి గుణం ముందే చెప్పడం అమ్మేవాడి ధర్మం. కొన్ని బండ్లకు గేర్లన్నీ ఒకేవైపు పడతాయి. కొన్నింటికి మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఇప్పటి బండ్లకు అలవాటైనవాడు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కితే ముందున్నవారి గతి ఏమిటి? బ్రేకు సరిగా పట్టని బండిని, టైరు అరిగిన బండిని బాగుచేయించకుండా ఎవరికీ నడపడానికి ఇవ్వకూడదు.

కొనేవారికీ న్యాయం జరగాలి

కొనేవాడు వచ్చే ముందు ఇంజను వేడిచేసి ఉంచడం కొందరికి అలవాటు. చల్లటి ఇంజను మొదటి కిక్కులో ఎలా అందుకుంటుందో, ఎలాంటి పొగ వదులుతుందో చూస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. ఆ లోపం దాచకుండా చెప్పి ధరలో తగ్గించుకుంటే తర్వాత తగవు ఉండదు. కాగితం మీద ఉన్న ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో సరిపోతున్నాయో లేదో కొనేవారు చూసుకోవాలి.

వెళ్లినవాడు రాకపోతే

అరగంట, గంట అంటూ ఎదురుచూస్తే బండి జిల్లా దాటిపోతుంది. ఫోను ఎత్తకపోతే వెంటనే 112కు చెప్పి బండి నంబరు, రంగు, ఎటు వెళ్లినదీ తెలపాలి. ఘటన తమ పరిధిలో జరగలేదని స్టేషనులో వెనక్కి పంపే అవకాశం ఇప్పుడు లేదు. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. లైసెన్సు ఫొటో, రాసుకున్న కాగితం అప్పుడే అక్కరకు వస్తాయి. బీమా కంపెనీకి కూడా ఆలస్యం లేకుండా తెలియజేయాలి.

బేరం కుదిరాక

సొమ్ము ముట్టి, బండి వెళ్లిపోవడంతో అమ్మకం పూర్తయినట్లు కాదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లోగా పేరు మార్పించుకోవాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు వాడతారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో, నూజివీడు ఏలూరు జిల్లాలో ఉన్నా రాష్ట్రం ఒకటే కనుక గడువులో తేడా లేదు. తిరువూరు దాటి తెలంగాణవారికి అమ్మితే అది వేరే రాష్ట్రం. అప్పుడు గడువు 45 రోజులు, నిరభ్యంతర పత్రమూ కావాలి. ఫైనాన్సు బాకీ ఉన్న బండి అయితే అది తీర్చినట్లు కాగితం ముందే తీసుకోవాలి.

రిజిస్ట్రేషనులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. ఆ కేసులో బండి వరుసగా పలువురి చేతులు మారినా, నష్టపరిహారం భారం పేరు మారని మొదటి యజమాని మీదే పడింది. అందువల్ల బండి అప్పగించిన తేదీ, గంట, ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకుని, పేరు మారినట్లు కళ్లారా చూసేవరకు దాన్ని భద్రపరచుకోవడం శ్రేయస్కరం.