కాజీపేట నీళ్ల కార్డు, కెన్యా టీ పొడి

కాజీపేట అంటే చాలామందికి రైలు జంక్షనే. ఢిల్లీ వైపు నుంచి వచ్చే లైను ఇక్కడే చీలి ఒకటి సికింద్రాబాద్‌కు, మరొకటి విజయవాడకు పోతుంది. స్టేషన్ దాటి హనుమకొండ దారి పడితే ఫాతిమానగర్ వస్తుంది. బాల వికాస అనే స్వచ్ఛంద సంస్థ ఉన్నది అక్కడే. పేద దేశాలకు సాయమంటే జెనీవాలోనో న్యూయార్క్‌లోనో పెద్దవాళ్లు కూర్చుని తేల్చే వ్యవహారం అనుకునేవాళ్లు ఓసారి ఇటు వచ్చి చూడాలి.

దీని వేళ్లు కెనడాలో ఉన్నాయి. అక్కడ స్థిరపడ్డ తెలుగింటి ఆడబిడ్డ బాల థెరిసా, భర్త ఆంద్రె జింగ్రాస్‌తో కలిసి 1977లో సోపార్ అనే సంస్థ పెట్టారు. 1990ల మొదట్లో ఆమె సోదరుడు శౌరిరెడ్డి సారథ్యంలో ఇక్కడ బాల వికాస మొదలైంది. క్విబెక్‌లో పోగైన డాలర్లు వరంగల్ పల్లెల్లో బోర్లయ్యాయి, ట్యాంకులయ్యాయి. తర్వాత నీళ్ల ప్లాంట్లూ అయ్యాయి.

తెలంగాణలో బోరు వేస్తే నీళ్లు పడటం ఒక ఎత్తు, అవి తాగడానికి పనికిరావడం ఇంకో ఎత్తు. రాతిలోని ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ తినేస్తుంది. అందుకే ఊరూరా శుద్ధి ప్లాంట్లు వచ్చాయి. ఒక చిన్న గది, అందులో నీళ్లను వడకట్టే గొట్టాల్లాంటి మెంబ్రేన్లు, బయట గోడకు ఒక నల్లా. ఇంటికో కార్డు. కార్డు పెడితే ఇరవై లీటర్ల క్యాను నిండి నల్లా దానంతటదే ఆగుతుంది. అసలు కిటుకు ఆ యంత్రంలో కన్నా ముందు పెట్టే షరతులో ఉంది. ఊరు తన వాటా డబ్బు ముందుగా వేసుకోవాలి, కమిటీని ఎన్నుకోవాలి, లెక్కలు రాయాలి. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి కమిటీలతోనే దేశమంతా పేరు తెచ్చుకుంది. ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి అభివృద్ధి కార్యకర్తలు కాజీపేటలోని శిక్షణ కేంద్రానికి వచ్చేవారు. ఒకప్పుడు సాయం పుచ్చుకున్న చోటే పాఠశాల అయింది.

2020 మార్చిలో కరోనాతో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. రాత్రీ పగలూ అనౌన్స్‌మెంట్లతో మోగే జంక్షన్ మూగబోయింది. అటు ప్రపంచం మాత్రం ఎవరికి ఎంత ఇవ్వాలన్న లెక్కల్లో పడింది. ఆ ఏప్రిల్‌లోనే కోవాక్స్ పుట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టీకా కూటములైన గావి, సెపీ కలిసి పెట్టిన టీకాల ఉమ్మడి నిధి అది. ఉన్న దేశాలు డబ్బు వేయాలి, లేని దేశాలకూ అదే వరుసలో టీకా అందాలి అన్నది ఆలోచన. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఉండదు. జరిగింది వేరు. ఉన్న దేశాలు ఉమ్మడి నిధికి చందా వేస్తూనే, పక్కనుంచి కంపెనీలతో సొంత బేరాలు కుదుర్చుకుని జనాభాకు మించి డోసులు రాయించుకున్నాయి. ఘనాకు తొలి కోవాక్స్ టీకాలు దిగింది 2021 ఫిబ్రవరి 24న. అవి 6 లక్షల డోసులు, పుణెలో తయారైనవి. ఆ ఏడాదిలోనే 200 కోట్ల డోసులు పంచాలనుకున్న కోవాక్స్ అందులో సగానికి చేరింది 2022 జనవరి 15న.

మన వైపు కథలో గర్వమూ ఉంది, కాస్త దిద్దుకోవాల్సిన లెక్కా ఉంది. 2020 డిసెంబర్ 9న 64 దేశాల రాయబారులు హైదరాబాద్ వచ్చి భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ సంస్థలను చూసి వెళ్లారు. మరుసటి జనవరి 20న భూటాన్, మాల్దీవులతో ‘వ్యాక్సిన్ మైత్రి’ మొదలైంది. మొదటి విడతలో 95 దేశాలకు దాదాపు 6.63 కోట్ల డోసులు వెళ్లాయి. ఇదంతా దానమని చాలామంది అనుకుంటారు. ఉచితంగా ఇచ్చింది సుమారు 1.07 కోట్లు. కోవాక్స్‌కు 1.98 కోట్లు పోయాయి. మిగిలిన 3.58 కోట్లు అమ్మకమే. అమ్మడం తప్పేమీ కాదు, టీకా లేని దేశానికి అమ్మేవాడు దొరకడమే ఆ రోజుల్లో పెద్ద సాయం. కానీ రెండింటినీ ఒకే ఖాతాలో రాసుకోవడం కుదరదు.

2021 ఏప్రిల్ వచ్చేసరికి గాలి తిరగబడింది. ఆక్సిజన్ లేక జనం ఆసుపత్రి మెట్ల మీదే ప్రాణాలు వదిలారు. ఖాళీ ట్యాంకర్లను బేగంపేట నుంచి వాయుసేన విమానాల్లో భువనేశ్వర్‌కు పంపి ఆక్సిజన్ తెప్పించుకోవాల్సి వచ్చింది. టీకాల ఎగుమతి అప్పటికే ఆగిపోయింది. ఆ దెబ్బ నేరుగా తగిలింది కోవాక్స్ మీద ఆశ పెట్టుకున్న దేశాలకు. 2004 సునామీ నాటి నుంచి విదేశీ ప్రభుత్వాల సాయం వద్దంటూ వచ్చిన భారత్ ఈసారి చేయి చాచింది. ఏప్రిల్ 27న బ్రిటన్ పంపిన వెంటిలేటర్లు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు ఢిల్లీలో దిగాయి.

మే నెలాఖరులో కెన్యా 12 టన్నుల సరుకు పంపింది. టీ పొడి, కాఫీ, వేరుశనగ గింజలు. రోగుల సేవలో తిండీ నిద్రా మానుకున్న సిబ్బందికి ఇవ్వమని ఆ దేశం అడిగింది. సోషల్ మీడియాలో కొందరు వెక్కిరించారు, మనకు టీ పొడి పంపేంత అయిందా అని. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదని పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. బియ్యం మీవి సన్నవా, దొడ్డువా అని ఎవరూ అడగరు. ఆ వెక్కిరించినవాళ్లు ఏ ఊళ్లో పెరిగారో మరి.

ఇచ్చే తీరులో ఇంకా నాసిరకాలున్నాయి. అక్కర తీరిన దేశాలు గడువు కొన్ని వారాలే మిగిలిన డోసులను ఆఫ్రికాకు దాటించాయి. ఫ్రిజ్‌లు, సిబ్బంది, బండ్లు సర్దుకునేలోపు తేదీ దాటిపోయింది. 2021 డిసెంబర్‌లో నైజీరియా పది లక్షలకు పైగా డోసులను అబుజాలో బుల్‌డోజర్లతో తొక్కించింది. దాతల పద్దులో అవన్నీ ఇచ్చినట్టే లెక్క.

మన దగ్గర విదేశీ విరాళాల చట్టమూ మారింది. 2020 సెప్టెంబర్ సవరణతో విదేశీ విరాళమేదైనా ముందు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంక్ శాఖలో పడాలి. ఆ డబ్బును ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. దుర్వినియోగాన్ని ఆపడానికన్నారు. సొంతంగా దాతలను వెతుక్కోలేని చిన్న సంస్థలకు మాత్రం సరిగ్గా అవసరమైన వేళ దారి మూసుకుంది.

ఇంకో రకం సాయం పెద్ద చప్పుడు చేయకుండా వచ్చింది. 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేసిన కార్బెవాక్స్ టీకా గుర్తుందా? తయారీ హైదరాబాద్ బయోలాజికల్ ఇ సంస్థది, మూల విజ్ఞానం అమెరికాలోని టెక్సస్ పిల్లల ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాలల శాస్త్రవేత్తలది. వాళ్లు దాని మీద పేటెంట్ తీసుకోలేదు. అదే విద్య ఇండోనేషియాకూ అందింది. ఆ ఏప్రిల్‌లో మరో విచిత్రం జరిగింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఎంఆర్ఎన్ఏ టీకా తయారీ నేర్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టించిన కేంద్రం నుంచి ఆ విద్య అందుకోవడానికి మన దేశంలో ఎంపికైంది కూడా ఈ హైదరాబాద్ సంస్థే.

విద్య చేతికొస్తే చాలా అంటే, అదే దక్షిణాఫ్రికాలోని ఆస్పెన్ కంపెనీని అడగాలి. జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను తన పేరుతో ఆఫ్రికాకు అమ్ముకునే హక్కు 2022 మార్చిలో దానికి దక్కింది. నెలలు గడిచినా ఒక్క ఆర్డరూ రాలేదు. డబ్బున్న కొనుగోలుదారులు ఎప్పటిలాగే పాత కంపెనీల దగ్గరే కొన్నారు. వరంగల్ పల్లెలో మెంబ్రేన్ పాతబడితే కమిటీ ఖాతాలోంచి కొత్తది వస్తుంది. ఆ ఖాతాలోని డబ్బు రోజూ కార్డు పెట్టి క్యాను నింపుకునేవాళ్లది. ఆస్పెన్‌కు అలాంటి వాడకందారు ఒక్కరూ దొరకలేదు.