గాల్లో ఆరిన ఇంజను మళ్లీ రాజుకునేదెలా?
నిప్పురవ్వ సంగతి ముందే లెక్కగడుతున్న కంప్యూటర్లు

1982 జూన్ 24 రాత్రి. కౌలాలంపూర్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం జావా దీవి దగ్గర 37 వేల అడుగుల ఎత్తున ఉండగా, నాలుగు ఇంజన్లూ ఒకదాని వెనుక ఒకటి ఆరిపోయాయి. గలుంగుంగ్ అగ్నిపర్వతం కక్కిన బూడిద మబ్బులోకి విమానం దూరడమే కారణం. లోపల 263 మంది. కెప్టెన్ ఎరిక్ మూడీ, ఆయన సిబ్బంది ఇంజన్లను మళ్లీ మళ్లీ అంటించబోయారు. విమానం బూడిదను దాటి 13 వేల చిల్లర అడుగులకు దిగితే గాని మొదటి ఇంజను అంటుకోలేదు. తర్వాత మిగతావీ అంటుకున్నాయి. జకార్తాలో అందరూ ప్రాణాలతో దిగారు.

బూడిద లేకపోయినా అంత ఎత్తున ఇంజను అంటించడం తేలిక కాదు. అక్కడ గాలి పలచన. చలి సున్నాకు దిగువన 50 డిగ్రీలు దాటుతుంది. జెట్ ఇంధనం మన కిరసనాయిలు జాతిదే. చలిలో దాని తుంపర త్వరగా ఆవిరి కాదు. ఆవిరి కానిదే మంట పట్టదు. తడి పుల్లలతో పొయ్యి రాజేసిన వారికి ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

ఇంజను పొయ్యి చాలా వాటిలో గుండ్రటి వలయంగా ఉంటుంది. చుట్టూ నాజిళ్లు, పురుగుమందు స్ప్రేయరుకు ఉండేలాంటివే, ఇంధనాన్ని తుంపరగా చిమ్ముతాయి. గాలి సుడి తిరుగుతూ వచ్చి కలుస్తుంది. నాజిళ్లు పదీ ఇరవై ఉన్నా నిప్పురవ్వ వేసే ప్లగ్గులు మామూలుగా రెండే. రవ్వ మొదటి నాజిల్ దగ్గర మంటై, పక్కదానికి పాకి, వలయమంతా చుట్టిరావాలి. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. గోదావరి ప్రాంతంలో విజ్జేశ్వరం, జేగురుపాడులలో గ్యాసుతో కరెంటు తీసేందుకు పెట్టిన టర్బైన్లూ ఈ కుటుంబానివే. కాకపోతే అవి నేల మీద ఉంటాయి, అంటుకోకపోతే మరోసారి ప్రయత్నించవచ్చు.

ఆ రెప్పపాటులో లోపల ఏం జరుగుతుందో ఇనుప గోడల వెనుక కంటికి కనబడదు. అందుకే శాస్త్రజ్ఞులు కంప్యూటర్లను ఆశ్రయించారు. పొయ్యి లోపలి చోటును చిన్న చిన్న గళ్లుగా, కోట్ల సంఖ్యలో, విడగొడతారు. ఒక్కో గడిలో గాలి వేగం, వేడి, ఇంధనం పాలు ఎంతో క్షణక్షణానికీ లెక్కిస్తారు. ఫ్రాన్సులో తులూజ్ నగరంలోని సెర్ఫాక్స్ సంస్థ పరిశోధకులు ఒక హెలికాప్టర్ ఇంజను వలయంలోని 18 నాజిళ్లూ అంటుకునే తీరును ఇలా లెక్కగట్టి 2008లో ప్రకటించారు.

లెక్క నిజమో కాదో తేలేదెలా? పారిస్ వద్ద మరో ప్రయోగశాలలో స్ఫటికపు గోడలతో, 16 నాజిళ్లతో పారదర్శకమైన పొయ్యి కట్టారు. మంట పాకడాన్ని అతివేగపు కెమెరాతో చిత్రీకరించి లెక్క పక్కన పెట్టి చూశారు. మంట చుట్టివచ్చే తీరు, పట్టే కాలం రెండూ దగ్గరగా సరిపోయాయి.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకే చోట, ఒకే బలంతో వేసిన రవ్వ ఒకసారి అంటుకుంటుంది, మరోసారి ఆరిపోతుంది. ఆ క్షణాన సుడిగాలి ఎటు విసిరిందన్న దాని మీద ఉంటుంది. అంటే ఒక్క లెక్క చాలదు, వందసార్లు వేసి ఎన్నిసార్లు అంటుకుందో చూడాలి. పెద్ద లెక్క ఒక్కసారి వేయడానికే భారీ కంప్యూటరు కావాలి, ఖర్చూ ఎక్కువే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఇందుకో సులువు దారి చూపారు. మంటను ముక్కలుగా భావించి, గాలిలో కొట్టుకుపోతూ ఏ ముక్క బతికింది, ఏది ఆరింది అని మాత్రమే లెక్కిస్తారు. దీంతో రవ్వను ఎక్కడ వేస్తే అంటుకునే అవకాశం ఎంతో త్వరగా తేలుతుంది. ప్లగ్గు ఎక్కడ బిగించాలో ఇంజను గీసే దశలోనే తెలిస్తే ఎన్నో పరీక్షల ఖర్చు కలిసివస్తుంది.

అయితే కంప్యూటరు మాట మీదే కొత్త విమానానికి అనుమతి ఇవ్వరు. ఎగురుతుండగా ఇంజను ఆపి, ఏయే ఎత్తుల్లో, ఏయే వేగాల్లో అది తిరిగి రాజుకుంటుందో చూపించాల్సిందే.