గులాబి కొమ్మ పైనుంచి ఎందుకు ఎండుతుంది?

పిల్లలూ! వానలు వెనకబట్టాక ఒకనాడు మా పక్కింటి అమ్మాయి పరుగున వచ్చి, "తాతయ్యా! నా గులాబి చచ్చిపోతోంది" అంది. వెళ్ళి చూశాను. మొక్కంతా పచ్చగానే ఉంది. ఒక్క కొమ్మ మాత్రం కొసనుంచి జానెడు మేర నల్లబడి ఎండిపోయింది.

"ఫ్యాక్టరీల పొగ పట్టి ఉంటుంది" అన్నాడు వాళ్ళ నాన్న. మాది అమీన్‌పూర్. పక్కనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ. ఇక్కడ ఏ మొక్క వాడినా నింద పొగమీదే వేస్తాం. పొగ మంచిదని నేననను. కాని పొగ ఒక్క కొమ్మనే ఏరుకుని మాడ్చదు గదా! గాలో నీరో చెడితే చాలా ఆకులమీద, పక్క మొక్కలమీద కూడా ఆ జాడ కనిపించాలి.

మరి ఎండు ఎక్కడ మొదలైంది? పువ్వు కోసిన చోట. నలుపు, పచ్చ కలిసే హద్దు దగ్గర ఒక దారం కట్టించాను. నాలుగు రోజులకు నలుపు దారం దాటి కిందికి దిగింది. నిజానికి అన్నాళ్ళు ఆగకూడదు. ఆ అమ్మాయి కళ్ళారా చూడాలని ఆపాను.

ఇది కొమ్మ ఎండు తెగులు. డిప్లోడియా వంటి శిలీంధ్రాలు దీనికి కారణం. రొట్టెమీద పెరిగే బూజు కూడా శిలీంధ్రమే. వీటికి పత్రహరితం లేదు, సొంతంగా ఆహారం చేసుకోలేవు. వీటి సిద్ధబీజాలు వాన తుంపరలతో వచ్చి గాయంమీద పడతాయి. తడి ఉంటే మొలిచి, సన్నని పోగులుగా కొమ్మలోకి పాకుతాయి. ఎండిన కొమ్మను భూతద్దంతో చూడండి. ఆవగింజకంటే చిన్నవైన నల్లని చుక్కలు కనిపించవచ్చు. అవి సిద్ధబీజాల పెట్టెలు! అందుకే ఎండుపుల్లను కుండీలోనే పడెయ్యకూడదు.

ఒక్కోసారి కొమ్మ నడుమ ఊదా అంచుతో గోధుమరంగు మచ్చ లేచి, బెరడు పగులుతుంది. అదీ శిలీంధ్రం పనే. మచ్చ కొమ్మను చుట్టేస్తే పైభాగం చస్తుంది.

అన్ని ఎండు తెగుళ్ళూ పైనుంచి రావు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో కంది ఎండు తెగులును ఏళ్ళ తరబడి పరిశోధించారు. దాని శిలీంధ్రం ఫ్యుజేరియం నేలలో దాగి, వేరుగుండా పైకి ఎక్కుతుంది. తెగులు నిండిన మడుల్లోనే కావాలని కంది వేసి, తట్టుకుని నిలిచిన మొక్కలను ఏరేవారు. మన గులాబి శత్రువు పైనుంచి దిగుతోంది కనుక కత్తెరకు అందుతుంది.

అయితే ఆలస్యం చేయకూడదు. తోటల్లో అమ్మే గులాబీలు చాలావరకు అంటు మొక్కలు. వేరు ఒక మొరటు రకానిది, పైన పూసేది మరొకటి. ఎండు అంటు దాకా దిగితే ఆ తర్వాత వచ్చే చిగుళ్ళన్నీ మొరటు రకానివే. మీరు మెచ్చి కొన్న పువ్వు ఇక పూయదు!

కాబట్టి నలుపుకు రెండంగుళాలు కిందికి, బయటి వైపు చూసే మొగ్గకు కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. కోసిన ముఖం మధ్యలో బెండు గోధుమరంగులో ఉంటే తెగులు ఇంకా ఉన్నట్టే. మళ్ళీ కిందికి కోయాలి. ప్రతి కోతకూ ముందు కత్తెరను స్పిరిటుతో తుడవాలి.

కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారివెంట ద్రాక్షను దొంగలు తినకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు సోకలేదని మియార్దే అనే శాస్త్రవేత్త గమనించి, 1885లో ఆ మందును ప్రకటించాడు. పేస్టుకు 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం విడివిడిగా నీళ్ళలో కలిపి, ఆ రెండూ చేర్చి మొత్తం 100 మిల్లీలీటర్లు చేయాలి. ఇనుప గిన్నె వాడరాదు. మైలుతుత్తం విషం. ఈ పని పెద్దలచేతనే చేయించండి.

ఆ అమ్మాయి గులాబికి రెండు కోతల్లోనూ బెండు గోధుమరంగే. మూడో కోతలో తెల్లగా కనిపించింది. అంటుకు ఇంకా బెత్తెడు దూరం ఉంది. మూడు వారాలకు ఎర్రని చిగురు వేసింది. ఇప్పుడు వాళ్ళ నాన్న పూజకు పువ్వు కోయాలంటే, ముందు కత్తెర తుడిచి చూపించాలట!