అంబాసిడరు ఇంజనులో వాల్వుల కూర్పు

హిందుస్తాన్ మోటార్స్ వారి ఉత్తర్‌పారా కర్మాగారమున 1958 మొదలు 2014 వరకు తయారై, మన పట్టణములలో టాక్సీగాను, కలెక్టరు కచ్చేరీల ముంగిట తెల్లని సర్కారు బండిగాను రెండు మూడు తరముల వారికి పరిచితమైన అంబాసిడరు కారు నేడు వీథులలో అరుదైనను, ఇంజను మర్మము నేర్వగోరువారికి అంతకంటె అనుకూలమైన వాహనము మరియొకటి కానరాదు. బానెట్టు ఎత్తినచో ఇంజను చుట్టును చేతులాడునంత చోటు కలదు. చిరకాలము దానికి అమర్చిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి బి-శ్రేణి ఇంజను, 1489 ఘన సెంటీమీటర్లది, పైమూతకున్న రెండు నట్లు విప్పినంతనే రాకర్లను, స్ప్రింగులను కంటికెదుట నిలుపును.

ఆ ఏర్పాటు సరళమైనది. నాలుగు సిలిండర్లకు రెండేసి చొప్పున ఎనిమిది వాల్వులు. ప్రతి జంటలో ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చును, రెండవది మండిన వాయువును వెలికి పంపును. ఇంజను దిమ్మెలో, క్రింది వైపున, క్రాంకు షాఫ్టు రెండు చుట్లకు ఒక చుట్టు వంతున తిరుగు కామ్ షాఫ్టుపై నున్న ఉబ్బు టాపెట్టును ఎత్తగా, టాపెట్టు పుష్ రాడ్డును, పుష్ రాడ్డు రాకరు ఒక కొసను పైకి నెట్టగా, రాకరు రెండవ కొస వాల్వు కాడపై వ్రాలి, స్ప్రింగు బలమును అణచి వాల్వును తెరచును. ఉబ్బు దాటిపోయినంతనే స్ప్రింగు దానిని మరల మూయును. ఇంజను నిమిషమునకు 4000 చుట్లు తిరుగుచున్నప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు ఇంచుమించు 33 మార్లు తెరచుకొని మూసికొనవలసియున్నది. ఇంతటి వేగమున ఏండ్ల తరబడి ఒరసికొనిన భాగములు ఒకదాని అరుగుదలకు మరియొకటి అనుగుణముగా అరిగియుండును. మూడవ వాల్వు రాకరుతో కలిసి అరిగిన పుష్ రాడ్డును ఆరవ దానికి తగిలించినచో ఆ పొత్తు చెడి, రెండును త్వరగా పాడగును. కావున వాల్వులను మోయు సిలిండరు హెడ్డును దించునప్పుడే కూర్పును గూర్చి ఆలోచించుట అవసరము. ఆటోనగరులలో అనుభవజ్ఞుడైన మేస్త్రీ పాత అట్టముక్కకు ఎనిమిది రంధ్రములు పొడిచి, సంఖ్యలు వేసి, పుష్ రాడ్లను వరుసగా అందు గుచ్చి యుంచుటలోని వివేకమిదియే. పుష్ రాడ్డును లాగునపుడు నూనె జిగటకు టాపెట్టు కూడ అంటుకొని లేచి ఎటో పడిపోవచ్చును. ముందొకమారు మెల్లగా మెలిపెట్టి లాగినచో అది తన చోటనే నిలుచును.

ఈ ఇంజనులో మరియొక విశేషమున్నది. హెడ్డును బిగించు పదునొకండు నట్లలో నాలుగు రాకరు షాఫ్టు స్తంభముల గుండా పోవును. రాకర్లు మాత్రమే తీయుచున్నాను గదా యని తక్కిన యేడింటిని ముట్టక ఆ నాలుగింటినే విప్పినవాడు హెడ్డు వంగుటకు, తద్ద్వారా నీరు సిలిండర్లలోనికి, ఆయిలులోనికి దిగుటకు దారి తీసినవాడగును. రేడియేటరు నీరు తీసివేసి, పదునొకండింటిని క్రమముగా సడలించుటయే ధర్మము.

ఇక కూర్పునకు వత్తము. వాల్వు అంచున గ్రైండింగు పేస్టు పూసి, రబ్బరు కప్పు గల పుల్లతో దానిని సీటుపై ఇటునటు త్రిప్పుచు, మధ్యమధ్య ఎత్తి చోటు మార్చుచు నూరగా, తెగని బూడిదరంగు వలయమొకటి రెండింటిపైనను ఏర్పడును. ఎగ్జాస్టు వాల్వు తన తాపములో అధికభాగమును మూసియున్న క్షణములలో ఈ వలయము గుండానే హెడ్డునకు, అటనుండి నీటికి అప్పగించును. వలయము తెగిన చోట మంటవాయువు దూరి అంచును కాల్చివేయును. నూరిన పేస్టు ఒక్క రేణువైనను మిగులకుండ కడిగి, కాడకు నూనె పూసి, తన గైడులోనికి దించి, స్ప్రింగును, దాని టోపీని పెట్టి, కంప్రెసరుతో నొక్కి, కాడ గాడిలో క్రొత్త రబ్బరు రింగును, దానిపై రెండు వాల్వు లాకులను కూర్చవలెను. ఈ లాకులు చిన్నవి, జారిపోవు స్వభావము కలవి. చిటికెడు గ్రీసు పెట్టినచో కాడను పట్టుకొని యుండును. కంప్రెసరు వదలిన పిదప సుత్తి పిడితో కాడ కొసను తేలికగా తట్టి, లాకులు గాడిలో కుదురుకొన్నవని నిర్ధారించుకొనక ముందుకు పోరాదు.

హెడ్డును క్రొత్త గ్యాస్కెట్టుపై దింపి, పుష్ రాడ్ల గుండుకొస క్రిందికి, గిన్నెకొస పైకి వచ్చునట్లు తమతమ రంధ్రములలో నిలిపి, రాకరు స్క్రూలను సడలించి షాఫ్టును కూర్చి, నట్లను నడిమినుండి అంచులవైపు విడతలుగా బిగింపవలెను.

మిగిలినది టాపెట్టు సెట్టింగు. నాకు ఈ విద్యలో మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిదియే. రాకరునకును వాల్వు కాడకును నడుమ అంగుళములో వెయ్యింట 15 భాగముల సందు, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు, విడుతురు. ఇంజను కాగినపుడు లోహము పెరుగును గనుక సందు చాలనిచో వాల్వు సీటుపై పూర్తిగా కూర్చుండక కాలిపోవును. ఎక్కువైనచో టకటకమను చప్పుడుతోపాటు అరుగుదల కలుగును, వాల్వు తెరచుకొనునదియు తగ్గును. రేడియేటరు వైపునుండి వాల్వులను 1 మొదలు 8 వరకు లెక్కించి, తెరచియున్న దాని సంఖ్యకు ఏది కలిపిన 9 అగునో దానిని సరిచేయవలెనని ఒక సూత్రము కలదు: 8 పూర్తిగా తెరచినపుడు 1, 6 తెరచినపుడు 3, 4 తెరచినపుడు 5. కామ్ షాఫ్టుపై ఆ రెండింటి ఉబ్బులు ఎదురెదురు దిశలనుండుటయే దీనికి కారణము. ఒకటి శిఖరమున నున్నపుడు రెండవది మడమపై నుండును. ప్లగ్గులు తీసివేసి, కారు ముందరి హ్యాండిలుతో ఇంజనును నెమ్మదిగా త్రిప్పుచు ఒక్కొక్కటి చూచుకొనవచ్చును. సందును కొలుచు ఫీలరు గేజి అందులో సన్నని పట్టుతో జారవలెను. సందును సరిచేయు రాకరు స్క్రూపైని లాకునట్టు బిగించునపుడు స్క్రూ కొంచెము తిరుగును. కనుక స్క్రూడ్రైవరుతో దానిని కదలనీయక పట్టి, బిగించిన పిదప మరల కొలువవలెను. రాకరు ముఖమున గుంట పడియున్నచో గేజి ఆ గుంటపై వారధివలె నిలిచి సందును తక్కువగా చూపును; అట్టి రాకరును మార్చక ఎన్ని మారులు కొలిచినను చప్పుడు పోదు.

కొన్ని దినములు కారు నడచిన పిమ్మట హెడ్డు నట్లను మరల బిగించుట ఈ ఇంజనునకు వాడుక. గ్యాస్కెట్టు అణగి హెడ్డు క్రిందికి దిగినకొలది పుష్ రాడ్లు రాకర్లను పైకి నెట్టి సందులను తగ్గించును గనుక, బిగించినంతనే ఎనిమిది వాల్వులను చల్లని ఇంజనుపై మొదటినుండి కొలిచిన తరువాతనే పైమూత మూయవలెను.