సీతాఫలం తినొచ్చు, గోలి మాత్రం బంద్ పెట్టొద్దు

వానలు తగ్గినంక రామారెడ్డి నుంచి కామారెడ్డి పోయే తొవ్వల సీతాఫలాల గంపలు కనిపిస్తయ్. పోయినేడు మా చిన్నమ్మ ఆ గంప ముందట నిలవడి, "బిడ్డా, నాకు షుగరున్నది గద, ఒక్కటన్న తినొచ్చునా?" అనడిగింది. నేను నవ్విన గనీ తర్వాత తెలిసింది అసలు సంగతి. నేరేడు గింజల పొడి తింటే షుగర్ మొత్తానికే పోతదని ఎవరో ఫోన్ల పంపితే, అది నమ్మి నెల రోజులు గోలీలు బంద్ పెట్టిందట. పండుకు భయపడ్డది, గోలీలు పక్కకు పెట్టింది. రెండూ ఉల్టానే.

పండుల చక్కెర ఉంటది, అబద్ధం కాదు. కానీ దాంతోటి పీచు కూడ ఉంటది. ఆ పీచు వల్ల చక్కెర నెత్తుర్లకు మెల్లగ ఎక్కుతది. అదే పండును పిండి, వడగట్టి గిలాసల పోసుకుంటే ఒక్కసారే ఎక్కుతది. అమెరికల లక్షా 87 వేల మందిని ఏండ్లకేండ్లు చూసిన లెక్కలు 2013ల బీఎంజే పత్రికల వచ్చినయ్. పండ్లు కొరుక్కతినేటోళ్లకు, ముఖ్యంగ ద్రాక్ష, ఆపిల్ తినేటోళ్లకు షుగర్ తక్కువ వచ్చింది. జ్యూస్ తాగేటోళ్లకు ఎక్కువ వచ్చింది. జాంకాయ రోజూ తిన్నా పర్వాలేదు. సీతాఫలం తీపెక్కువ, చిన్నదొకటి చాలు, అదిగూడ బువ్వ తిన్న ఎంబడే కాదు. కాకరకాయ కూరొండుకొని తినుండ్రి. గోలీలు మింగుకుంట మళ్ల దాని రసం గ్లాసులకు గ్లాసులు తాగితే షుగర్ మరీ పడిపోయి కండ్లు తిరుగుతయ్.

ఇగ నన్నడిగితే పండ్ల కన్న పెద్ద ముచ్చట కూరది. హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల చెప్పిన లెక్క ప్రకారం ఒక మనిషి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినాలె. మన పళ్లెంల ఏమున్నది? గుట్టంత బువ్వ, పక్కకు గంటెడు కూర. షుగర్ అక్కడ పెరుగుతుంది, సీతాఫలం దగ్గర కాదు.

తప్పు తినేటోనిది ఒక్కనిదే అంటే నేనొప్పుకోను. ఒకప్పుడు మక్కచేన్ల చిక్కుడు తీగ, బుడమకాయ, ఒడ్డు మీద బీర ఉంటుండె. పైస పెట్టి కొనేది లేదు. ఇప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాక వరే, ఒడ్డు మీద గడ్డి మందు. వరి పండించెటోడు బీరకాయ కొననీకి అంగడికి పోతున్నడు. సన్నొడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఉన్నది, కూరగాయలకు అసొంటిది లేదు. 2025 నుంచి రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు, మంచిదే. ఆ బువ్వల కలుపుకునేదెవరిస్తరు?

కాలానికొచ్చే కూరలల్ల మహిమేం లేదు. అగ్గువకు దొరుకుతయ్, అందుకే కడుపు నిండ తినొచ్చు. వానాకాలం బీర, బోడకాకర, చలికాలం చిక్కుడు, పాలకూర, మెంతికూర. వాటితోటి సగం పళ్లెం నింపి, బువ్వ జర తగ్గించుకోవాలె.

ఇంట్ల ముప్పై దాటినోళ్లుంటే సర్కారు దవాఖానకు తోల్కపోయి పరీక్ష చేయించుండ్రి. షుగర్ గోలీలు అక్కడ పైస లేకుంట ఇస్తరు. మా చిన్నమ్మ మళ్ల మింగుతుంది. ఈయేడు ఒడ్డు మీద మందు కొట్టనియ్యలేదు, నాలుగు బీర గింజలు పెట్టింది. సీతాఫలం మాత్రం పొద్దుగూకే ముందట ఒక్కటి తింటది, రెండోది అడుగుతది, నేనియ్య.