పూర్వ పరిశోధనల్లో మీ ప్రశ్నకు చోటెక్కడ?

చాలా సిద్ధాంత గ్రంథాల్లో 'పూర్వ పరిశోధనలు' అనే అధ్యాయం ఒకే తీరున నడుస్తుంది. ఫలానావారు ఫలానా ఏడాది ఫలానా పుస్తకం రాశారు, ఆ తర్వాత ఇంకొకరు రాశారు. అది జాబితా అవుతుంది కానీ సమీక్ష కాదు. ముందువాళ్లు ఏ ఆధారంతో ఆ మాట అన్నారు, ఎక్కడ విభేదించుకున్నారు, ఏది తేలకుండా మిగిలింది అన్నవి చెప్పినప్పుడే విద్యార్థి చేయబోయే పనికి చోటు దొరుకుతుంది. కాబట్టి చదువు ఒక వివాదంతో మొదలుకావాలి.

కుమారసంభవ కావ్యం రాసిన నన్నెచోడుడి కాలాన్నే తీసుకుందాం. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకన్నా ముందువాడన్నారు. నన్నయ ఆదికవి స్థానాన్నే ప్రశ్నించిన మాట అది. తర్వాతి పండితుల్లో చాలామంది దాన్ని ఒప్పుకోక నన్నెచోడుణ్ణి నన్నయ తర్వాతివాడిగా నిలబెట్టారు. అసలా కావ్యం ప్రాచీనమేనా అని శంకించినవారూ ఉన్నారు. ఈ అభిప్రాయాలన్నిటినీ సంవత్సరాల వారీగా పేరిస్తే పాఠకుడికి పేర్లు తప్ప ఏమీ మిగలవు. ఆధారాల వారీగా పేర్చి చూడండి. శాసనాల్లోని చోడ వంశాలను పట్టుకుని వాదించినవారు ఒకచోటికి వస్తారు. భాషనూ ఛందస్సునూ పరీక్షించినవారు మరోచోటికి, కవి కొలిచిన గురువు జంగమ మల్లికార్జునుడి నుంచి శైవమత చరిత్రలోకి వెళ్లినవారు ఇంకోచోటికి చేరతారు. ఒకే ఆధారాన్ని ఇద్దరు రెండు రకాలుగా చదివిన చోటు అప్పుడే బయటపడుతుంది. మీ ప్రశ్నను అక్కడ వెతకాలి.

అంతా చదవకుండా ప్రశ్న ఎలా పుడుతుందని అడగవచ్చు. అంతా చదివాకే మొదలుపెడదామనుకుంటే గడువు ముగిసేదాకా చదువుతూనే ఉంటారు. సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో మీ అంశానికి దగ్గరగా ఉన్న తాజా సిద్ధాంత గ్రంథాన్ని తెరిచి, దాని ఉపయుక్త గ్రంథసూచిని పట్టుకుని వెనక్కి నడవండి. పదేపదే కనిపించే రచనలను ముందు, అదీ మూలంలోనే చదవండి. ఒకరు ఉదహరించిన వాక్యాన్ని మూలం చూడకుండా మళ్లీ ఉదహరిస్తే పాత పొరపాటు మీ పేరుతో కొనసాగుతుంది. చదివిన ప్రతిదానికీ వాదం, ఆధారం, మీ సందేహం రాసుకోండి, పుట సంఖ్య మరవకండి. నా అంశం మీద ఎవరూ రాయలేదనే విద్యార్థులున్నారు. ఆ కవి మీద రాయకపోవచ్చు, ఆ కాలం మీదో ప్రక్రియ మీదో తప్పక రాసి ఉంటారు. మహాపండితుల మాటను తూచడానికి మేమెంత అన్న జంకు గౌరవించదగిందే. అయితే ఇక్కడ తూచేది పాండిత్యాన్ని కాదు, ఒక నిర్ణయానికి చూపిన ఆధారం చాలుతుందా లేదా అన్నదాన్ని. ఆ పని చేసే హక్కు మొదటి ఏడాది విద్యార్థికీ ఉంది. పర్యవేక్షకులు ఆ హక్కును గుర్తించి, పేర్ల జాబితాతో వచ్చిన అధ్యాయాన్ని తిప్పి పంపాలి.